ఈనె ఉచ్చు

దరఖాస్తులో ఒక గడి:
సరీసృపాలను పట్టిన అనుభవం ఉందా?
ఉంది, అని రాశాను.
ఎట్లా వచ్చిందో రాయడానికి చోటు లేదక్కడ.

కదిరి బయట కిత్తనార కంచెల వెంట
ఆరో తరగతి వేసవి.
కొబ్బరి ఈనె కొసన జారుముడి.
తొండ తలాడిస్తే మమ్మల్నే వెక్కిరిస్తోందని
పట్టి, నోట్లో మా తాత నశ్యం కుక్కి
అది తూలుతుంటే పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.
నవ్వడం బాగా గుర్తుంది.
తర్వాత దాన్ని ఏం చేశామో మాత్రం –

ఆదివారం, ఐదున్నర. బనశంకరి బస్టాండులో
ఇంచర, స్కూటరు, నీళ్ళ సీసాలు, గుడ్డసంచులు, చిన్న త్రాసు.
పరిశోధన ఆమెది. ఎండా నడకా ఇద్దరివీ.
కనకపుర రోడ్డు దిగి, లేఅవుట్ల బోర్డులు దాటి,
కొత్త తారు ఎక్కడ ఆగిపోతుందో
అక్కడ మొదలవుతుంది బెట్ట.
కన్నడంలో బెట్ట అంటే కొండ.
మాకేమో, వాన ఎగ్గొట్టిన ఏడాది.
ఎక్కుతున్నంతసేపూ రెండూ ఒకటేననిపించింది.

ఎనిమిదింటికి బండ కాగుతుంది.
అప్పుడొస్తుంది పోతుతొండ,
వీపంతా మోదుగుపువ్వు, పక్కలు కాటుక,
తల పైకీ కిందికీ.
"వెక్కిరింపు కాదు ఓబుళేశ్ సార్," అంది ఇంచర,
"ఈ బండ నాదని చెప్పుకోవడం."
రోజుకి వందసార్లు రిజిస్ట్రేషను,
స్టాంపు డ్యూటీ లేకుండా.

నా చేతికి గాలం కర్ర ఇచ్చింది.
కొసన దారం. అదే జారుముడి.
ముప్పై మూడేళ్ళయినా వేళ్ళు ఏమీ మరిచిపోలేదు.
సిగ్గుపడ్డాను, వేళ్ళని చూసి.

పిడికిట్లోకి రాగానే రంగు దిగిపోయింది.
మోదుగంతా ఎటు పోయిందో,
మిగిలింది బూడిద, దాని కింద
ఉడికే గిన్నె మీద మూతలా కొట్టుకునే గుండె.
"భయమా?"
"ఆ గడి మన పట్టికలో లేదు," అంటూ స్కేలు పెట్టింది.
ముక్కు నుంచి తోక మొదలు దాకా నూట పన్నెండు మిల్లీమీటర్లు.
నలభై రెండు గ్రాములు. తోక కొస తెగి ఉంది, పాత గాయం.
వీపున తెల్లచుక్క, పచ్చచుక్క.
నలభై ఏడో నంబరు.
వదిలితే రెండు గంతుల్లో బండ సందులోకి.
చాలాసేపు బయటికి రాలేదు.
మేం కదలకుండా కూర్చున్నాం,
పిలిస్తే వచ్చినవాళ్ళం కాదు కదా.

జూలైలో, గట్టివాన మర్నాడు, గుట్ట కింద
నూట పద్దెనిమిదో ప్లాటులో
సున్నం కొట్టిన హద్దురాయి పక్కన
ఒక ఆడతొండ, మట్టిరంగుది, ఏ చుక్కా లేనిది,
నలభై నిమిషాలు తవ్వింది.
గుడ్లు పెట్టింది. మట్టి కప్పి, మూతితో
అద్ది అద్ది చదును చేసింది,
పొయ్యి అలికినంత శ్రద్ధగా.
"ఏడు వారాలు," అంది ఇంచర. "జేసీబీ రాకుంటే."
తొండలు కూడా గుడ్లు పెట్టని నేల అంటారు మావైపు,
దేనికీ పనికిరాని చేనుని.
నేనేమీ అనలేదు.

సోమవారం. జయనగర్ బ్రాంచి, గృహరుణాల విభాగం.
మూడో ఫైలు: ప్లాటు నూట పద్దెనిమిది.
వాల్యుయేషన్ రిపోర్టు: ఖాళీ స్థలం. ఆక్రమణలు లేవు.
ఆ వాక్యం రెండుసార్లు చదివి
ఫైలుని దొంతర అడుక్కి తోశాను.
గురువారం మేనేజరు అడిగాడు.
ఒక సంతకం తక్కువుంది సార్, అన్నాను.
అబద్ధం కాదు.
ఆ సంతకం నాదే.

క్యాలెండరులో ఆగస్టు చివర పెన్సిలుతో ఒక చుక్క.

దరఖాస్తుదారు పేరు ఫరీదా. నర్సు. రాత్రి డ్యూటీ దిగి
అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది.
ఇంకో రెండు నెలల అద్దె కట్టాలా సార్, అని
మర్యాదగానే అడుగుతుంది.
చూస్తున్నామమ్మా, అంటాను.

ఫోన్ పెట్టేసి చూస్తే
టేబుల్ మీద నా వేళ్ళు
ఫైలు కట్టే దారంతో
జారుముడి వేస్తూ ఉంటాయి.